మెట్ల మీద దర్బారు

ఆయన్ని ఆఫీసులో అందరూ గురువుగారు అంటారు. అంటే ఆయన ఎవరికైనా పాఠాలు చెప్పారని కాదు. ప్రమోషన్ ఇవ్వని మనిషిని ఏళ్ళ తరబడి అదే కుర్చీలో చూస్తూ ఉండాలంటే చూసేవాళ్ళకి కాస్త ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బంది పోవడానికి ఒక గౌరవం తగిలిస్తారు. కొన్ని ఆఫీసుల్లో ‘పెద్దాయన’ అంటారు, కొన్నిట్లో ‘అన్నగారు’ అంటారు. ఇక్కడ గురువుగారు అన్నారు. జీతంలో కలపక్కర్లేని హోదా, తలుపు మీద రాయించక్కర్లేని పదవి.

ఆయన పనిచేసే కంపెనీ లిఫ్టులు అమ్ముతుంది, బిగిస్తుంది, చెడిపోతే బాగుచేస్తుంది. గురువుగారిది ఫిర్యాదుల సీటు. ఎక్కడైనా లిఫ్టు మధ్యలో ఆగినా, తలుపు తెరుచుకోకపోయినా, తెరుచుకున్న తలుపు మూసుకోకపోయినా జనం మొట్టమొదట ఫోన్లో తిట్టేది ఆయన్నే. ఆ తిట్లన్నీ ఓపిగ్గా విని, వాటి మధ్యలోంచి చిరునామా ఏరుకుని, మెకానిక్కుని పంపడం ఆయన పని. పని బాగానే చేస్తారు. అద్భుతంగా చేస్తారంటే అది అభిమానం కిందికి వస్తుంది. ఒకసారి ఆస్పత్రికి పంపాల్సిన మెకానిక్కుని దాదాపు అదే పేరున్న బట్టల కొట్టుకి పంపారు. కంపెనీ అదృష్టం బాగుండి ఆ కొట్టు లిఫ్టూ చెడిపోయే ఉంది.

కొత్తగా చేరిన వాళ్ళని ఆయన పక్కన కూర్చోబెట్టడం ఆనవాయితీ. కారణం ఆయన విద్వత్తు కాదు, ఖాళీ కుర్చీ అక్కడే ఉండడం. ఆ కుర్చీ మహిమో ఏమో, కూర్చున్న ప్రతివాడూ ఏడాది తిరక్కుండా పైకి వెళ్ళిపోయాడు. వెళ్ళినవాళ్ళు ఎక్కడ కనిపించినా “నమస్కారం గురువుగారూ” అంటారు. అనకుండా పోయినవాడు లేడు. అని ఆగినవాడూ లేడు.

ఇక ఆ ఆఫీసు ఉన్న మేడ సంగతి చెప్పాలి. ఐదంతస్తుల మేడ. ఆఫీసు ఐదో అంతస్తులో. ఆ మేడకి లిఫ్టు ఉంది. అయితే అది పోటీ కంపెనీ లిఫ్టు.

ఈ అవమానానికి కారకుడు మేడ ఓనరు. ఆయన పళ్ళ డాక్టరు. రెండో అంతస్తులో ఆయన క్లినిక్కు. మేడ కట్టించినప్పుడు రెండు కంపెనీల దగ్గరా ధరలడిగి, ఎవరు తక్కువ చెబితే వాళ్ళ లిఫ్టు పెట్టించుకున్నాడు. ఆ తర్వాత, ఓడిపోయిన కంపెనీకే పై అంతస్తు అద్దెకిచ్చాడు. ఇందులో తప్పేమిటో ఆయనకి ఈనాటికీ తెలియదు. అప్పటి మేనేజరు మాత్రం, పరాయి కంపెనీ లిఫ్టులో ప్రాణం పోయినా కాలు పెట్టనని అందరి ముందూ ప్రతిజ్ఞ చేసి మెట్లెక్కాడు. ఆయన బదిలీ అయి వెళ్ళిపోయాడు. ప్రతిజ్ఞ మాత్రం సీటుతో పాటు తర్వాతి మేనేజరుకి, ఆయన నించి ఆ తర్వాతి మేనేజరుకి సంక్రమిస్తూ వచ్చింది. లిఫ్టులమ్మే కంపెనీలో మెట్లెక్కడం రాజభక్తికి చిహ్నమైంది.

ఆ ఆరోహణ చూసి తీరాలి. మేనేజరుగారు కారు దిగేసరికి కింద నలుగురైదుగురు ఊరికే నిలబడ్డట్టు నిలబడి ఉండేవారు. ముందు మేనేజరుగారు, ఆయన ఎడమ పక్క ఒక మెట్టు వెనగ్గా ఆయన బ్యాగు పట్టుకుని వంతపాట, ఆ వెనక తక్కినవాళ్ళు. వంతపాట అన్నది మనిషి పేరే. తల్లిదండ్రులు పెట్టింది ఇంకేదో ఉండే ఉంటుంది, జీతాలిచ్చే గుమాస్తాకి తెలియాలి. మేనేజరుగారు నోరు విప్పీ విప్పకముందే “ఆహా” అనడం అతని ప్రత్యేకత. జోకు పూర్తయ్యేదాకా ఆగడం పెద్దల పట్ల అవిధేయతని అతని నమ్మకం. ఎవరికి ఏ ఊరు టూరు, ఎవరి సెలవు ఒప్పుకోవాలి, ఎవరి జీతం పెరగాలి, అన్నీ ఆ మెట్ల మీదే తేలేవి. ఐదో అంతస్తులో జరిగే మీటింగులు, మెట్ల మీద తేలినదాన్ని కుర్చీల్లో కూర్చుని మళ్ళీ చెప్పుకోవడానికి. రెండో అంతస్తులో బుగ్గ పట్టుకుని కూర్చున్న పళ్ళనొప్పి వాళ్ళు ఈ ఊరేగింపు చూసి, పైన ఎవరో పోయారనుకునేవారు.

గురువుగారికి మోకాళ్ళ నొప్పి, దానికి తోడు భారీ విగ్రహం. అందుకని ఆయన అందరికంటే ముందే వచ్చి, అటూ ఇటూ చూసి, చటుక్కున పోటీ కంపెనీ లిఫ్టులో దూరేవారు. పైకి చేరేదాకా గోడ వైపు తిరిగి నిలబడేవారు. ఆయన అనుకున్నది ఈ సంగతి ఎవరికీ తెలియదని. తెలియనిది ఆయనొక్కరికే, అందరికీ తెలుసునని. ఏడాదికోసారి మేనేజర్లు అందరి గుణదోషాలూ రాసి పైకి పంపేటప్పుడు గురువుగారి పేరు దగ్గర పెన్ను కాసేపు ఆగేది. పనికి ఢోకా లేదు, విధేయత విషయమే కొంచెం అనుమానం.

ఇలా ఉండగా డిప్యూటీ మేనేజరు రిటైరయ్యాడు. పోస్టు ఖాళీ అయింది. ఆ పోస్టుకి ఒక గది ఉంది, గదికి అద్దాల తలుపు ఉంది, తలుపుకి స్ప్రింగు ఉంది. తెరిచి వదిలేస్తే దానంతటదే పడుతుంది. గురువుగారు లోపలికి పనిమీద వెళ్ళినప్పుడల్లా ఆ తలుపుని వెనక్కి తిరిగి చూసుకునేవారు.

అంతమాత్రాన ఆయన ఆశపడే మనిషి కాదు. ఆశ పెట్టింది అత్తగారు. ఆమెని చూడ్డానికి పక్కింటివాళ్ళొస్తే ఆవిడ అల్లుళ్ళని పరిచయం చేసింది.

“ఈయన మా చిన్నల్లుడు. బిస్కెట్ల కంపెనీలో మేనేజరు. ప్రత్యేకంగా గది, గదికి బయట మనిషి. ఈయన లోపలికి రమ్మంటే గాని ఎవరూ రావడానికి లేదు.” ఆ తర్వాత గురువుగారి వైపు తిరిగి, కాస్త ఆలోచించి, “ఈయన పెద్దల్లుడు. ఆఫీసుకి వెళ్తూంటారు” అంది.

తోడల్లుడు మంచివాడే. అదే వచ్చిన చిక్కు. “అన్నయ్యగారూ, మీరు మరోలా అనుకోనంటే మా కంపెనీలో చూడమంటారా? గోడౌన్లో ఒక ఖాళీ ఉంది” అన్నాడు, ఆప్యాయంగా.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక గురువుగారు చొక్కా గుండీలు విప్పుకుంటూ, “డిప్యూటీ పోస్టు ఈసారి నాకు రావాలోయ్. సీనియారిటీ చూస్తే నాదే” అన్నారు భార్యతో.

ఆవిడ ఆస్పత్రిలో నర్సు, ఒక వార్డుకి పెద్ద. డ్యూటీ చెప్పులు విడుస్తూ, “సీనియారిటీ చూస్తారంటే మా వార్డులో మంచాలకీ ఉంది. అవేం డాక్టర్లయ్యాయా?” అంది. “మీ మేనేజరు మిమ్మల్నెప్పుడన్నా చూశాడా?”

“రోజూ చూస్తాడు.”

“ఎక్కడ?”

గురువుగారు ఆలోచించారు. “సీట్లో.”

“సీట్లో సీటు కనిపిస్తుంది గాని మనిషి కనిపించడు. తక్కినవాళ్ళంతా ఎక్కడ కనిపిస్తున్నారు?”

“మెట్ల మీద.”

“మరయితే మెట్లెక్కండి.”

“నా మోకాళ్ళో?”

“మోకాళ్ళకి నేను కట్టు కడతాను. ప్రమోషన్‌కి కట్టు కట్టడం నాకు చేతకాదు.”

మర్నాడు గురువుగారు రెండు మోకాళ్ళకీ కట్లతో కింద నిలబడ్డారు. వంతపాట ఆయన్ని చూసి, “ఏం గురువుగారూ, లిఫ్టు చెడిపోయిందా?” అన్నాడు. అప్పుడు తెలిసింది గురువుగారికి, ఇన్నేళ్ళూ గోడ వైపు తిరిగి నిలబడ్డం ఎంత వృథాయో.

ఆరోహణ మొదలైంది. మొదటి అంతస్తు దాకా ఆయన పరువుగానే వెళ్ళారు. రెండోది దాటేసరికి మనిషికీ పరువుకీ మధ్య పది మెట్ల దూరం పడింది. మూడో అంతస్తు మలుపులో పన్నుల లెక్కలు చూసే ఆయన తన ఆఫీసు బయట వచ్చేపోయేవాళ్ళ కోసం ఒక చెక్క బల్ల వేయించాడు. ఆ బల్ల చూడగానే గురువుగారి కాళ్ళు ఆయన్ని అడక్కుండానే అక్కడికి నడిచాయి. బల్ల కిర్రుమంది.

పైనించి ఊరేగింపు ఆగిన చప్పుడు. మేనేజరుగారు వెనక్కి తిరిగారు. ప్రమోషన్ అక్కడితో చెల్లిపోయిందనుకున్నారు గురువుగారు.

“పాపం, గురువుగారు ఆగిపోయారు” అన్నారు మేనేజరుగారు. “మనం అలా వదిలేసి వెళ్ళడం బాగుండదు.” నాలుగు మెట్లు కిందికి దిగొచ్చి బల్ల మీద రెండో కొసన కూర్చున్నారు. కూర్చోవడం కాదు, కూలబడ్డారు.

ఆయన దిగిపోవడంతో పైన మిగిలిపోయిన వాళ్ళకి పెద్ద ధర్మసంకటం వచ్చిపడింది. మేనేజరుగారికంటే ఎత్తు మెట్టు మీద నిలబడకూడదు. కిందికి దిగుదామంటే బల్ల దగ్గర చోటు లేదు. వంతపాట ఒక కాలు పై మెట్టు మీదా, ఒక కాలు కింది మెట్టు మీదా పెట్టి బ్యాగుతో సహా వేలాడాడు.

“మీరంతా పదండి. నేను గురువుగారిని తీసుకొస్తాను” అన్నారు మేనేజరుగారు.

“ఆహా” అన్నాడు వంతపాట, ఎందుకన్నాడో తెలియకుండానే. వెళ్ళిపోయారు.

వాళ్ళ అడుగుల చప్పుడు పై అంతస్తులో కలిసిపోయేదాకా మేనేజరుగారు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. తర్వాత వదిలారు. ఆ వదలడం చూసి గురువుగారు తన ఆయాసం మరిచిపోయారు. మేనేజరుగారి పెదాలు తెల్లబడ్డాయి. చెయ్యి గుండెల మీద ఉంది. టై ముడి వదులుచేసుకోవడానికి వేళ్ళు ఆడటం లేదు. గురువుగారే వదులు చేశారు.

“వెధవలు పరిగెత్తిస్తారండీ” అన్నారు మేనేజరుగారు, మాట వచ్చాక. “వాళ్ళు కుర్రాళ్ళు. నా పక్కన ఎక్కడం అంటే తమలో ఎంత దమ్ముందో నాకు చూపించడం అనుకుంటారు. ఎవడూ ఆగడు. వాళ్ళు ఆగకపోతే నేనెలా ఆగను?”

“డాక్టరుకి చూపించుకున్నారా సార్?”

“చూపించాను. మెట్లు వద్దన్నాడు. వద్దంటే? లిఫ్టెక్కనా? మేనేజరు పరాయి లిఫ్టెక్కాడని సాయంత్రానికల్లా హెడ్డాఫీసుకి తెలుస్తుంది. ఒంట్లో బాగాలేదని ఎక్కానంటే అది ఇంకా మంచి కబురు. నా సీటు కోసం అక్కడ ఇద్దరు కాచుక్కూర్చున్నారు.” పై మెట్ల వైపు చూసి, “ఈ మాట మీ దగ్గరే ఉండాలి గురువుగారూ” అన్నారు.

ఆ మాట గురువుగారి దగ్గరే ఉండిపోయింది. భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. భార్యకి చెప్పింది చెప్పినట్టు కాదని పెద్దలెవరో అన్నారు, అనకపోతే గురువుగారే అన్నారు.

ఆనాటి నించి అదే వరస. ఊరేగింపు మూడో అంతస్తుకి రావడం, గురువుగారు బల్ల మీద కూర్చోవడం, మేనేజరుగారు దయాహృదయంతో ఆగడం, తక్కినవాళ్ళు పైకి పోవడం. ఎప్పుడన్నా గురువుగారికి ఇంకో పది మెట్లు ఎక్కే ఓపిక ఉన్నట్టు కనిపిస్తే మేనేజరుగారే వెనకనించి “గురువుగారూ, మోకాళ్ళు జాగ్రత్త” అని హెచ్చరించేవారు.

ఈ బల్ల మీది స్నేహం ఆఫీసంతా తెలియడానికి ఎక్కువ సమయం పట్టలేదు. గురువుగారి సీటు దగ్గరికి కాఫీ వేడిగా రావడం మొదలైంది. కుంటికాలు కుర్చీ పోయి మంచి కుర్చీ వచ్చింది. ఎన్నడూ పలకరించని జీతాల గుమాస్తా, “మీకు రావాల్సిన పాత బకాయి ఏదో ఉన్నట్టుందండీ, చూస్తాను” అన్నాడు. ఒకనాడు వంతపాట వచ్చి పక్క కుర్చీలో కూర్చుని, “గురువుగారూ, నా దగ్గర దాస్తే పాపం. ఏం మంత్రం వేశారు?” అనడిగాడు.

“మంత్రం కాదోయ్. మనిషిలో సరుకుంటే ఎప్పటికైనా గుర్తిస్తారు.”

“ఆహా” అన్నాడు వంతపాట. గురువుగారికి ఆ శబ్దం వినడానికి బాగానే ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. పక్షపాతం ఎంత పాపమో, అర్హతని కాదని అయినవాళ్ళని అందలమెక్కించడం వల్ల కంపెనీలు ఎలా నాశనమవుతాయో గురువుగారు ఇరవై ఏళ్ళుగా భోజనాల వేళ ఉపన్యసిస్తూ వచ్చారు. ఇప్పుడు ఆ ఉపన్యాసం మానేశారు. పక్షపాతం తన పక్కకి తిరిగాక చూస్తే, అది పక్షపాతం కాదు, గుణగ్రహణం. ఇంట్లో కూడా నిలబడే తీరు మారింది. పడగ్గది తలుపు తెరిచి, దానంతటది పడుతుందేమోనని వదిలి చూస్తూ భార్యకి దొరికిపోయారు.

“స్ప్రింగు లేదండీ దానికి” అంది ఆవిడ. “ముందు ఆర్డరు చేతికి రానివ్వండి.”

ఆర్డరు రాకుండా ఉండే మార్గం ఆయనకి తట్టింది ఆ రోజుల్లోనే. చెడే మార్గం వెతుక్కుంటూ వెళ్ళి తొక్కినవాళ్ళున్నారు గాని, దానికి తన చేత్తో తోరణం కట్టినవాడు గురువుగారొక్కరే.

పోటీ కంపెనీ లిఫ్టు ఒకరోజు మొదటి అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఉన్నది పళ్ళ డాక్టరుగారి రోగి. పన్ను పీకడానికి దవడకి మత్తిచ్చి, ఏదో కాగితం తెమ్మని డాక్టరే కిందికి పంపాడు. తిరిగొస్తుంటే ఇరుక్కున్నాడు. అరుద్దామంటే నోరు తిరగలేదు. మత్తు దిగేదాకా ఎవరికీ తెలియలేదు. దిగాక మేడంతటికీ తెలిసింది.

ఆ కేకలు గురువుగారి చెవిన పడ్డాయి. ఆయనకి మేనేజరుగారి తెల్లబడ్డ పెదాలు గుర్తొచ్చాయి. పాపం ఆ మనిషి రోజూ చావు అంచుదాకా ఎక్కొస్తున్నాడు. మన లిఫ్టే ఈ మేడకి ఉంటే? ఆయన ప్రాణం నిలుస్తుంది, కంపెనీ పరువు నిలుస్తుంది, ఇంతమంది మేనేజర్లకి చేతకానిది సాధించినవాడికి ప్రమోషన్ ఇవ్వక ఏం చేస్తారు? ఒక్క దెబ్బకి మూడు పిట్టలు.

ఇన్నేళ్ళలో ఈ ఆలోచన తక్కినవాళ్ళకి రాలేదా అని అడగొచ్చు. వచ్చింది. వచ్చి, మెట్లు పోతే మెట్ల మీద బతికే తమ గతేమిటని తలుచుకుని, వెళ్ళిపోయింది.

గురువుగారు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. డాక్టరు ఆయన్ని అలవాటుగా కుర్చీలో వెనక్కి వాల్చబోయాడు.

“పన్ను కాదండీ, లిఫ్టు సంగతి. మా కంపెనీది పెట్టించుకోండి.”

“మీ లిఫ్టు అంత గొప్పదైతే మీరంతా రోజూ మెట్లెందుకెక్కుతున్నారండీ? మా పేషెంట్లు భయపడుతున్నారు.”

“మీ లిఫ్టు పరాయిది గనక.”

“పరాయిదైతే? మీ టూత్‌బ్రష్షు నేను తయారుచేసిందా?”

గురువుగారు వాదించలేదు. ఫిర్యాదుల సీట్లో కూర్చున్నవాడికి ఒక విద్య అబ్బుతుంది: ఎదుటివాడు తిట్టడం పూర్తయ్యేదాకా ఆగడం. డాక్టరు లిఫ్టుని, దాన్ని అమ్మినవాణ్ణి, బాగుచెయ్యడానికి పిలిస్తే రానివాణ్ణి, ఇంతలో తీరిగ్గా మత్తు దిగిన రోగిని వరసగా తిట్టి అలిసిపోయాక, “మొదటి ఏడాది సర్వీసు ఉచితం. పిలిస్తే నేనే పై నించి దిగొస్తాను” అన్నారు గురువుగారు. డాక్టరు ఒప్పుకున్నాడు.

మర్నాడు బల్ల మీద ఈ కబురు చెబితే మేనేజరుగారు గురువుగారి చెయ్యి రెండు చేతులా పట్టుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “మీ రుణం ఉంచుకోను” అన్నారు.

వంతపాటకి మాత్రం ఇది రుచించలేదు. అలాగని గురువుగారి బల్ల వైభవం పోతుందన్న సంతోషమూ దాచుకోలేకపోయాడు. చివరికి అతనిలోనూ ఎక్కడో నిజాయితీ ఉండబట్టి, ఒక మధ్యాహ్నం వచ్చి చెప్పేశాడు.

“గురువుగారూ, కూర్చున్న కొమ్మ నరుక్కోవడం వినడమే గాని చూడ్డం ఇదే. లిఫ్టొస్తే మెట్లుండవు.”

“మెట్లెక్కడికి పోతాయోయ్? మేడకి మెట్లు లేకుండా ఎలా?”

“మెట్లుంటాయండీ. మీరే ఉండరు.”

గురువుగారు నవ్వారు. కుర్రాడికి అసూయ అనుకున్నారు.

కొత్త లిఫ్టు రావడం, పాతది విప్పడం, బిగించడం అన్నీ అయ్యాయి. ప్రారంభోత్సవానికి హెడ్డాఫీసు నించి ఒక పెద్దమనిషి వచ్చాడు. మేనేజరుగారు తమ ఆఫీసు సమష్టి కృషి గురించి ప్రసంగించారు. సమష్టిలో గురువుగారు ఎక్కడో ఉంటారు, వెతుక్కోవాలి. రిబ్బను కత్తిరించి అందరూ లోపలికి వెళ్ళారు. ఆరుగురు పడతారని రాసుంది. ఆరో మనిషి వంతపాట. బొత్తాల దగ్గర నిలబడి, వినయంగా ఐదు నొక్కాడు. ఏడో మనిషి గురువుగారు. ఆయన ఒక కాలు పెట్టగానే లిఫ్టు గొల్లుమని మొర్రోమంది. ఆయన కాలు వెనక్కి తీసుకున్నారు. వెంటనే ఊరుకుంది. మంచి లిఫ్టు, నాణ్యతకి తిరుగులేదు.

ఇక రోజూ అంతే. ఐదంతస్తుల ఆరోహణ రెప్పపాటు పని అయిపోయింది. ఎవరికీ ఆయాసం లేదు. మేనేజరుగారి బుగ్గలకి రంగొచ్చింది. గురువుగారు ఎదురుపడితే తలపంకించి, వెంటనే ఫోను చూసుకునేవారు. ఒకసారి ఇద్దరూ నడవాలో ఎదురెదురయ్యారు. “ఒంట్లో ఎలా ఉంది సార్? గుండెల్లో…” అని గురువుగారు మొదలుపెట్టేసరికి, మేనేజరుగారు చుట్టూ చూసి, “నాకేమయింది?” అన్నారు. గట్టిగానే అన్నారు. కాఫీ మళ్ళీ చల్లారి రావడం మొదలైంది.

డిప్యూటీ పోస్టు నిర్ణయమైన రోజు మేనేజరుగారు గురువుగారిని గదిలోకి పిలిచారు.

“కూర్చోండి. గురువుగారూ, మీరు ఈ ఆఫీసుకి స్తంభం లాంటివారు.”

స్తంభం అనగానే గురువుగారికి సంగతి అర్థమైంది. స్తంభాల్ని పై అంతస్తుకి తీసుకెళ్ళరు. అయినా కూర్చున్నారు.

“ఎవరికిచ్చారండీ?”

మేనేజరుగారు వంతపాట అసలు పేరు చెప్పారు. అది ఎవరిదో పోల్చుకోవడానికి గురువుగారికి క్షణం పట్టింది.

“నాలో లోపమేమిటో సెలవిస్తే దిద్దుకుంటాను సార్.”

“లోపమని కాదు.” మేనేజరుగారు పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టారు. “డిప్యూటీ అంటే నాయకత్వం ఉండాలి. ఒక ఊపు, ఒక వేగం. మీరు మంచివారే, నేను కాదనను. కానీ మధ్యలో ఆగిపోతారు. ఎవరో చెప్పింది కాదు, రోజూ నేను కళ్ళారా చూసిందే కదా.”

గురువుగారు, “నేనాగినప్పుడు మీరూ…” అన్నారు.

“నేను మీ కోసం ఆగాను” అన్నారు మేనేజరుగారు. కళ్ళు పెన్ను మూత మీదే ఉన్నాయి.

గురువుగారు లేచి వచ్చేశారు. ఆ గది తలుపుకీ స్ప్రింగు ఉంది. వెనకాల దానంతటదే పడింది.

ఇంటికెళ్ళేసరికి భార్య యూనిఫారం ఇస్త్రీ చేస్తోంది. ఆయన ముఖం చూసి ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

“ఎవరికి?”

“వంతపాటకి.”

“మరి మీకో?”

“స్తంభం పోస్టు ఇచ్చారు.” ఆయన కూర్చుని కట్లు విప్పుకున్నారు. మెట్లు లేకపోయినా అలవాటు కొద్దీ కట్టుకుంటూనే ఉన్నారు. “టై వదులు చేసింది నేనేనోయ్. ఈ చేత్తోనే.”

“అందుకే ఇవ్వలేదు” అంది ఆవిడ. “మా వార్డులో నొప్పికి తట్టుకోలేక నా చెయ్యి పట్టుకుని భోరుమన్న మగాళ్ళు ఎంతమందో. తగ్గి ఇంటికెళ్ళేటప్పుడు అందరికీ దండం పెడతారు. నా వైపు మాత్రం చూడరు. తల తిప్పుకుని వెళ్ళిపోతారు.”

“నువ్వేమీ అనవా?”

“ఏమంటాను? నాకు జీతమిస్తారు. మీకైతే ఎవరిచ్చారు?” అని మళ్ళీ ఇస్త్రీ అందుకుంది. కాసేపటికి, యూనిఫారం మడత పెడుతూ, “మీరైనా ఒక్కమాట అనాల్సింది” అంది.

మర్నాడు గురువుగారు ముందుగా వెళ్ళలేదు. సరిగ్గా ఊరేగింపు వేళకి వెళ్ళి లిఫ్టు దగ్గర నిలబడ్డారు. ఆ రోజు ఇద్దరు టూర్లో ఉండడం వల్ల చోటుంది. మేనేజరుగారు, కొత్త డిప్యూటీ వంతపాట, బ్యాగు పట్టుకున్న ఇంకో ఆశావహుడు, గురువుగారు. వంతపాట ఐదు నొక్కాడు. గురువుగారు చెయ్యి చాపి మూడు నొక్కారు.

మూడో అంతస్తులో లిఫ్టు ఆగింది. తలుపు మర్యాదగా తెరుచుకుంది. ఎదురుగా ఖాళీ బల్ల. ఎవరూ దిగలేదు, ఎవరూ ఎక్కలేదు.

“ఎవరు నొక్కారు మూడు?” అన్నారు మేనేజరుగారు.

“నేనే సార్.”

“ఇక్కడ మీకేం పని?”

“నాకేం పని లేదు సార్. ఇన్నాళ్ళూ రోజూ మీరు నా కోసం ఇక్కడాగారు. ఇవాళొక్క రోజు మీ కోసం నేనాపాను. ఊపిరి తీసుకోండి.”

వంతపాటకి నవ్వొచ్చింది. అతను మేనేజరుగారి జోకులకి నవ్వడానికే పుట్టినవాడు. ఇంకొకరి జోకుకి అసలైన నవ్వు వస్తే ఎలా ఆపుకోవాలో అతనికి ఎవరూ నేర్పలేదు. “ఆహా” అనేశాడు. అన్నాక నోరు మూసుకున్నాడు, అప్పటికే ఆ శబ్దం ఇనప గోడలకి తగిలి నాలుగు పక్కల నించీ తిరిగొచ్చింది.

తలుపు మూసుకుంది. ఐదో అంతస్తు దాకా మేనేజరుగారు, ఎంతమంది ఎక్కవచ్చో రాసిన బోర్డుని కొత్తగా చూస్తున్నట్టు చదివారు.

ఆ రోజంతా గురువుగారికి పిలుపు వస్తుందేమోనని ఆఫీసు ఎదురుచూసింది. రాలేదు. ఫిర్యాదుల సీట్లో ఉన్నవాణ్ణి దించాలంటే దానికి కింద ఇంకో సీటు ఉండాలి కదా. మధ్యాహ్నం కాఫీ వేళకి వంతపాటే వచ్చాడు. అద్దాల తలుపు గది వదిలిపెట్టి వచ్చి, పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు.

“గురువుగారూ, నేను నవ్వడం సార్ చూశారంటారా?”

“విన్నారు.”

“కొంప మునిగింది. పొద్దుట్నించి నన్ను లోపలికి పిలవలేదు. బ్యాగు వాణ్ణి రెండుసార్లు పిలిచారు.” గొంతు తగ్గించాడు. “నిన్ననే కదండీ ఇచ్చారు. తీసేస్తారంటారా?”

“ఇప్పుడే తియ్యరు. కొన్నాళ్ళాగి, నువ్వు స్తంభం లాంటివాడివంటారు.”

“హాస్యమాడకండి గురువుగారూ. ఇప్పుడేం చెయ్యమంటారో చెప్పండి.”

గురువుగారు చెప్పబోయేసరికి ఫోను మోగింది. అవతల ఎవరో తిట్టడం మొదలుపెట్టారు. ఆయన వంతపాటని కూర్చోమన్నట్టు చెయ్యి ఊపి, కాగితం దగ్గరికి లాక్కుని, అవతలివాడు అలిసిపోయేదాకా విన్నారు.

“అలాగేనండీ, తప్పు మాదే” అన్నారు చివరికి. “ఎన్నో అంతస్తులో ఆగిందో చెప్పండి.”